మా మామకు మూడు వేల ఏళ్ళు

రిటైరైన మగవాళ్ళకు మన దగ్గర రెండు జబ్బుల్లో ఏదో ఒకటి తప్పదు: షుగరో, చరిత్రో. షుగరుకైతే గోలీలున్నాయి. మా ఆయనకు చరిత్ర వచ్చింది.

కరెంటాఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈయన రోజూ వేయిస్తంభాల గుడి ముందు నుంచే స్కూటరు మీద పోయాడు. ఒక్కనాడు తల తిప్పి చూసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక మాత్రం దారిలో ఏ బండ కనపడ్డా బండి ఆపి, దిగి, దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఇంట్లో గ్యాస్ బండ ఖాళీ అయిన సంగతి మాత్రం ఆయన కంటికి ఆనదు.

ఒక్కడే అయితే సర్దుకునేదాన్ని. వీళ్ళదొక గుంపు. అందరూ పింఛనుదార్లే. ఆదివారం తెల్లవారేసరికి ఒకే రంగు టీషర్టులు, అదే రంగు టోపీలు పెట్టుకుని బయల్దేరుతారు. ఆ రంగు కాకతీయుల కోట గోడల రంగని వాళ్ళ నమ్మకం. నేను హన్మకొండ చౌరస్తాలో మ్యాచింగ్ సెంటర్ నడిపే మనిషిని. పొద్దున లేస్తే రంగులతోనే నా బతుకు. అది ఇటుక పొడి రంగు, అందులోనూ రెండు ఉతుకులకు వెలిసిపోయే రకం. చెప్తే వింటారా, నాకు చరిత్ర తెలియదంటారు.

ఈ గుంపుకు ఒక పెద్దసారు ఉన్నాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు కాబట్టి మిగతావాళ్ళకు ఆయన మాట వేదం. ఏ రాయి చూసినా ముందు కళ్ళజోడు తీస్తాడు, తర్వాత దాన్ని తుడుస్తాడు, మళ్ళీ పెట్టుకుని "ఊఁ" అంటాడు. ఆ ఊఁ వచ్చేదాకా మిగతావాళ్ళు నోరు తెరవరు. తీర్పు వచ్చాక ఫొటోలు దిగుతారు. ఇంటికొచ్చాక ఆ ఫొటోలన్నీ వాట్సాప్‌లో పెట్టుకుని ఒకరినొకరు మెచ్చుకుంటారు.

నేను వాళ్ళతో పోయే మనిషిని కాను. ఆ ఆదివారం పోవలసి వచ్చింది, ఎందుకంటే వాళ్ళు చూడబోయే గుట్ట మా మేనత్త ఊరి నెత్తిన ఉంది. ఆ ఊరు ఎక్కడుందో చెప్పను. మడికొండ దాటి లోపలికి చాలా దూరం పోవాలి, అంతే. పేరు చెప్తే ఒకరికి తీరని నష్టం. ఎవరికో మీకే తెలుస్తుంది.

ఆ గుట్ట మీద రాకాసి గుళ్ళున్నాయని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాలుగు పక్కలా నిలువు బండలు పాతి, పైన ఒక పెద్ద బండ కప్పి, చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చి ఉంటాయి. అంత బరువు మామూలు మనుషులు ఎత్తలేరు, రాకాసులే ఎత్తి ఉంటారని ఊళ్ళో అంటారు. సెలవులకు అత్త ఇంటికి పోయినప్పుడు ఎండకు ఆ బండల కిందికి దూరి సీతాఫలాలు తినేవాళ్ళం. అవి సమాధులని మాకెవరు చెప్పారు. చెప్పినా సీతాఫలాలు వదిలిపెట్టేవాళ్ళం కాదనుకోండి.

మా కార్లు అత్త వాకిట్లో ఆగగానే ఆమె చీపురు పక్కన పెట్టి అందరినీ ఎగాదిగా చూసింది.

"ఏందే పిల్లా, ఇంతమంది ఒక్కతీరుగ తయారై వచ్చిన్రు. ఎవలింట్ల పెండ్లి, బ్యాండోళ్ళా వీళ్ళు?"

"కాదత్తా. గుట్ట మీది రాకాసి గుళ్ళు చూడనీకి వచ్చిన్రు. సార్లు."

"గుళ్ళు చూడనీకి ఇంత పొద్దుగాలనా? అవి ఏడికన్న పోతాన్నయా?" అని, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

అత్తకు డెబ్బై దాటాయి. పిల్లలు లేరు. మా మామ పోయి పదేళ్ళకు పైనే అయింది. మా వాళ్ళలో కాల్చడం లేదు, పూడ్చడమే. మామను గుట్ట కింద వాళ్ళ చేను మూలకు, ఒడ్డు పక్కన పూడ్చారు. మొగుడిని పెట్టేటప్పుడే పెళ్ళానికి జాగా వదులుతారు. ఆయన ఎడమ పక్కన మనిషి పట్టేంత జాగా వదిలారు. పత్తి వేసినా మిర్చి వేసినా ఆ జాగాలో ఒక్క గింజ పడనిచ్చేది కాదు అత్త. గడ్డి మొలిస్తే కూర్చుని పీకేది. అంతకుమించి ఆమెకు ఈ లోకం నుంచి ఇంకేమీ అక్కర్లేదు, వేళ వచ్చినప్పుడు పోయి ఆ ఎడమ పక్కన పడుకోవాలి.

దానికి అడ్డం ఎవరొచ్చారంటే, స్వయానా ఆమె మరిది కొడుకు. భూమి అన్నదమ్ముల ఉమ్మడిది. "నిన్ను నేను చూస్కుంట పెద్దమ్మా" అని అత్త వాటా కూడా తన పేరు మీదికి చేయించుకున్నాడు. చూసుకోవడమంటే ఏమిటో తర్వాత తెలిసింది. చేనంతా ప్లాట్ల వెంచర్ చేశాడు. గడ్డి చెక్కి, తెల్లరంగు పూసిన హద్దురాళ్ళు పాతి, దారి మొదట్లో ఒక ఆర్చి కట్టాడు. పటంలో మామ పడుకున్న చోటికి ముప్పై ఫీట్ల రోడ్డు వచ్చింది.

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా," అన్నాడట. "పెదనాయినను మంచిగ బయటికి తీసి వైకుంఠధామంల పెడ్తం. గాడ నల్ల ఉన్నది, బాత్రూములున్నయి, సోలార్ లైట్లున్నయి."

"మీ పెదనాయిన బతికున్నన్నొద్దులు బాయికాడ తానం చేసిండు. ఇప్పుడు బాత్రూంల ఏం జేస్తడురా?" అన్నదట అత్త.

వైకుంఠధామమంటే సర్కారు కట్టించిన ఊరి శ్మశానం, అందులో పక్కపక్కన జాగా ఉండదు. ఎవరు ముందు పోతే వాళ్ళకు, వరస ప్రకారం. ఆయన ఒక మూల, ఈమె ఇంకో మూల, మధ్యలో ఊరందరూ. అదీగాక పడుకున్న మనిషిని లేపడం పాపమని అత్త పట్టు. మరిది కొడుకు మాత్రం ఎండాకాలం వెళ్ళేలోపు రోడ్డు వేయాల్సిందేనన్నాడు. ఇవన్నీ ఆమె చాయ్ గ్లాసులు కడుగుతూ నాకు చెప్పింది. కళ్ళలో నీళ్ళు లేవు. కోపం ఉంది. నాకూ వచ్చింది, కానీ నేను చేయగలిగిందేమిటో తోచలేదు.

గుట్ట ఎక్కేటప్పుడు అత్త కూడా బయల్దేరింది. సార్లు చేతికర్రలు పొడుచుకుంటూ, ప్రతి మలుపులో నిలబడి "వ్యూ బాగుంది" అంటూ ఆయాసం తీర్చుకుంటున్నారు. ఆమె చెప్పులు చేతబట్టుకుని ముందు నడిచింది.

పైన ఎప్పటిలాగే ఎవరూ లేరు. ఎక్కడో మేకల గంటలు, గాలికి గడ్డి కదలడం, అంతే. ఆ నిశ్శబ్దం నాకు ఇష్టం. షాపులో రోజంతా "ఈ పచ్చ కాదు, ఆ పచ్చ" అనేవాళ్ళతో వాగి వాగి వచ్చినదాన్ని కదా, కాసేపు ఒక బండకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. బండల మీద ఎవరో ప్రేమికులు ఎర్ర పెయింటుతో పేర్లు రాసుకున్నారు, ఒక బండల గూడులో బీరు సీసాలున్నాయి. లోపలున్నవాళ్ళు వాటిని కూడా పట్టించుకున్నట్టు లేదు. మావాళ్ళు వచ్చి ఆ ప్రశాంతతను చెడగొట్టారు.

పెద్దసారు కళ్ళజోడు తుడిచి ఊఁ అన్నాడు. "ఇనుప యుగం. తక్కువలో తక్కువ రెండున్నర, మూడు వేల ఏళ్ళు. ఎంత గొప్ప నాగరికత చూడండి, చనిపోయినవాళ్ళను ఎంత గౌరవంగా చూసుకున్నారో."

అందరూ ఫోన్లు బయటికి తీశారు. అత్త ఒక గూడులోకి తొంగిచూసింది.

"సారూ, ఇండ్ల ఒక్కరే ఉన్నరా?"

"కొన్నింట్లో ఒక్కరి ఎముకలు, కొన్నింట్లో ఇద్దరివి దొరుకుతాయమ్మా. భార్యాభర్తలు కావచ్చు."

"మంచిగున్నరు," అంది అత్త. "మరి వీళ్ళను తొవ్వి ఎవలన్న రోడ్డు ఎయ్యరా?"

పెద్దసారు నవ్వాడు. "అంత తేలిక కాదమ్మా. ఇవి వారసత్వ సంపద. చట్టం ఉంది. ఒక్క రాయి కదిలించినా జైలే. చుట్టూ ఈ రాళ్ళ వలయం ఉంది చూశావా, ఇది కనపడితే చాలు, ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు."

"మరి నిన్న మొన్న పోయినోళ్ళకు లేదా సారూ, చట్టం?"

"వాళ్ళకెందుకమ్మా, వాళ్ళేమన్నా చరిత్రా?" అన్నాడు పెద్దసారు. టోపీలన్నీ నవ్వాయి. మా ఆయన కూడా నవ్వాడు. నేను ఆయన వైపు చూసిన చూపుకు ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అత్త మాత్రం నవ్వలేదు, నొచ్చుకోలేదు. ఆ రాళ్ళ వలయం చుట్టూ మెల్లగా నడిచి, అరచేతితో ఒక్కో రాయి ముట్టుకుని చూసింది. ముసలిదానికి కొత్తగా భక్తి పుట్టిందనుకున్నాను.

తర్వాత చాలా నెలలు నేను ఆ ఊరికి పోలేదు. ఎండాకాలంలో రోడ్డు పని మొదలవ్వాలి కానీ, మరిది కొడుకుకు ఏవో పర్మిషన్లు ఆలస్యమై వానలు పడ్డాయి. అత్త ఫోన్ చేసినప్పుడల్లా, "ఇంకా తియ్యలే బిడ్డా, ఉన్నడు," అని ఒకే మాట చెప్పేది. మామ బాగోగులు అడిగి ఫోన్ పెట్టేసినట్టే ఉండేది నాకు. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస అయిన వారానికి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"మీ ఆయన సార్లను మళ్ళొక్కసారి తోల్కరా బిడ్డా. గుట్ట కింద గూడ ఒకటి బయటపడ్డదని చెప్పు."

"ఏం బయటపడ్డదత్తా?"

"రాకాసి గుడి," అని పెట్టేసింది.

గుంపుకు వార్త చేరిన గంటలో టీషర్టులు ఇస్త్రీ అయ్యాయి. మళ్ళీ ఆదివారం, మళ్ళీ కార్లు. అత్త మమ్మల్ని వెంచర్ ఆర్చి కింద నుంచి, హద్దురాళ్ళ మధ్యలోంచి నడిపించుకుంటూ చేను మూలకు తీసుకుపోయింది. అక్కడ ఒడ్డు పక్కన గుండ్రంగా పెద్ద పెద్ద రాళ్ళు. మధ్యలో కొంచెం కుంగిన మట్టి. తలాపున ఒక నిలువు బండ. చుట్టూ మోకాలెత్తు గడ్డి.

ఇదే మూల. ఇదే ఒడ్డు. అది మా మామ.

పోయిన పదేళ్ళలో అక్కడ మట్టిదిబ్బ తప్ప ఏమీ లేదు, ఆ రాళ్ళేవీ లేవు. తర్వాత వంటింట్లో అడిగితే అత్త చెప్పింది. వెంచర్ కోసం చేనులోని రాళ్ళన్నీ ఏరి ఒక పక్కకు పారేయమని మరిది కొడుకు ట్రాక్టరు పెట్టాడు. ఈమె డ్రైవరు దగ్గరికి పోయి, "మీ ఓనరు చెప్పిన ఆ ఒక్క పక్క ఇదే బిడ్డా, ఇట్ల గుండ్రంగ దించు, నడుమ జర జాగ ఇడువు," అన్నది. పూటకు ఇంత చాయ్ పోసింది. వెంచర్ డీజిలుతో, వెంచర్ కూలీతో మామకు కోట కట్టించింది. మిగిలింది వానే చూసుకుంది, రాళ్ళ సందుల్లో గడ్డి మొలిపించి.

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని టేపు పెట్టి కొలిచాడు. ఆ ఊఁ కోసం నేనూ ఊపిరి బిగబట్టాను, జీవితంలో మొదటిసారి.

"ఊఁ," అన్నాడు. "అద్భుతం. పూర్తిగా చెక్కుచెదరని వలయం. శవాన్ని ఉత్తర దక్షిణాలుగా పెట్టారు, తల దక్షిణానికి. ఆ కాలం పద్ధతే."

ఈ కాలం పద్ధతీ అదే. మామ తల దక్షిణానికి పెట్టించింది మా నాయనే. నోటిదాకా వచ్చింది, పళ్ళు బిగించి ఆపుకున్నాను.

అంతలో గుంపులో ఒకాయన గడ్డిలోంచి ఒక కుండపెంకు తీసి పెద్దసారు చేతిలో పెట్టాడు. బయట ఎరుపు, లోపల నలుపు. పెద్దసారు దాన్ని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. "నలుపు ఎరుపు మృణ్మయ పాత్ర, ఇనుప యుగపు కుండ! ఇది చాలు. ఇంకే ఆధారం అక్కర్లేదు," అన్నాడు. అందరూ దగ్గరికి జరిగారు. ఒకాయన టోపీ తీశాడు.

నేను రంగులు మరిచిపోయే మనిషిని కాను. ఆ కుండ ఊరి కుమ్మరి ఇచ్చిన కడవ. మామను దింపాక మరిది కొడుకే దాన్ని భుజాన పెట్టుకుని, వెనకనుంచి చిల్లు పొడుస్తుంటే మూడు చుట్లు తిరిగి, వెనక్కి చూడకుండా పడేసి పగలగొట్టాడు. పిల్లలు లేరు కాబట్టి కొడుకు వరస అతనిదే. ఆ పెంకునే ఇప్పుడు పెద్దసారు చేతిరుమాలులో చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బా మీద తేదీ రాశాడు.

అంతటితో ఆగితే బాగుండు. ఇంకొకాయనకు తలాపు బండ దగ్గర ఎండిన బంతిపూలు, గుడ్డుపెంకు, ఒక క్వార్టర్ సీసా దొరికాయి. పెత్రమాసనాడు అత్త మామకు పెట్టుకున్న వాటిలో మిగిలినవి. మామకు ఆ బ్రాండు తప్ప వేరేది దిగేది కాదు. అత్త ముఖం పాలిపోయింది, అవి తీసేయడం మరిచిపోయినట్టుంది. పెద్దసారు సీసా వైపు చాలాసేపు చూశాడు.

"చూశారా," అన్నాడు చివరికి. "మూడు వేల ఏళ్ళ తర్వాత కూడా స్థానికులు ఈ అజ్ఞాత పూర్వీకుడిని ఆరాధిస్తూనే ఉన్నారు. సజీవ సంప్రదాయమంటే ఇదీ. ఈయన ఎవరమ్మా అని అడిగితే మాత్రం చెప్పలేరు."

"ఎవలో మాకేం తెలుసు సారూ," అంది అత్త. "పెద్దమనిషి. మంచోడంటరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కొంగుతో నోరు మూసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు. నాకైతే రెండూ వచ్చాయి.

కారులో తిరిగొస్తున్నాం. మామను పూడ్చిననాడు మా ఆయన అక్కడే ఉన్నాడు, శవం మోసిన నలుగురిలో ఒకడు కూడా. ఆ చోటును గుర్తుపట్టలేదంటే ఈయన చరిత్రకు నిప్పు పెట్టాలి అని లోలోపల నూరుకుంటున్నాను. మడికొండ దగ్గర సిగ్నల్ పడింది. ఆయన బండి ఆపి, అద్దంలోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

"మామకు మొత్తానికి మూడు వేల ఏళ్ళు నిండినయి."

నేను తిరిగి చూశాను.

"కుండ పగిలినప్పుడు దాని ముక్క నా కాలికే వచ్చి తగిలింది. మరిచిపోతనా నేను?" అన్నాడు. "పెద్దసారుకు చెప్పకు. మనిషి కుదేలైపోతడు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈయన మీద నాకు అంత ప్రేమ పుట్టిన రోజు ఇంకొకటి లేదు. అది ఆయనకు చెప్పలేదు, నెత్తికెక్కుతాడు.

తర్వాత సంగతులు మేము ఊహించనంత జోరుగా జరిగాయి. జిల్లా పేపర్లో పెద్దసారు ఫొటో, మామ ఫొటో పక్కపక్కన పడ్డాయి. మామ ఫొటో అంటే రాళ్ళే. బతికున్నంతకాలం రేషన్ కార్డుకు తప్ప ఫొటో దిగని మనిషి. పురావస్తు ఆఫీసువాళ్ళు జీపులో వచ్చారు, పెద్దసారు దగ్గర చదువుకున్న ఒకాయన వాళ్ళలో ఉన్నాడు. గురువు ఊఁ అన్నాక శిష్యుడు కాదంటాడా. వర్షానికి కొట్టుకుపోయిన మా వీధి మోరీ మీద బండ వేయడానికి ఎవరికీ తీరిక దొరకదు, మా మామకు మాత్రం చూస్తుండగానే సిమెంటు స్తంభాలు పాతి, ఇనుప తీగ బిగించి, నీలం బోర్డు నిలబెట్టారు.

మరిది కొడుకు మొదట ఎగిరిపడ్డాడు. కుండ పగలగొట్టిన చేతులు అతనివే. ఆ చోటు అతనికి తెలియదా? తెలుసు. కానీ చెప్పాలంటే, సొంత పెదనాయిన సమాధి మీద రోడ్డు వేయబోయానని కూడా చెప్పాలి. అప్పుడు ప్లాటు ఎవడు కొంటాడు? శవం మీద నడిచి ఇంటికి పోవాలని ఎవరికుంటుంది. మూడు వేల ఏళ్ళ శవమైతే వేరే సంగతి, అది హెరిటేజ్. అతను ఆలోచించుకుని రోడ్డును పక్కకు వంచాడు, వెంచర్ కరపత్రంలో కొత్త వాక్యం చేర్చాడు: "మహనీయుల సన్నిధిలో ప్రశాంత జీవనం." ప్లాట్ల గిరాకీ పెరిగిందని విన్నాను. మామ బతికున్నప్పుడు ఇతను ఆయనను ఒక్కపూట దవాఖానకు తీసుకుపోలేదు.

ఉగాది ముందర అత్త మమ్మల్నిద్దరినే భోజనానికి పిలిచింది. సార్లు వద్దంది. కోడి కోసింది. గెలిచిన మనిషి నడకే వేరు, వంటింట్లోకి వాకిట్లోకి తిరుగుతుంటే పదేళ్ళు చిన్నదైనట్టుంది. మా ఆయనకు చెంబుతో నీళ్ళిస్తూ, "అల్లుడా, నువ్వు గూడ నోరు మూసుకున్నవట, నా బంగారం," అంది. ఆయన సిగ్గుపడ్డాడు.

అన్నానికి ముందు ముగ్గురం మామ దగ్గరికి పోయాం. తీగకు అవతల రాళ్ళు, గడ్డి, ఆయన. అత్త తీగకు చేయి ఆనించి కాసేపు నిలబడి, "ఇగ నన్ను గూడ తెచ్చి ఆయన పక్కన పెడితే అయిపాయె," అంది. "ఎడమ పక్క జాగ గూడ రాళ్ళ లోపల్నే ఉండేటట్టు జేసిన. చూసినవా?"

చూశాను. వలయం ఒక పక్కకు కొంచెం ఉబ్బి ఉంది. పెద్దసారు దాన్ని కూడా కొలిచి, ఏదో శాస్త్రం చెప్పాడు.

"బోర్డు మీద ఏం రాసిన్రు అల్లుడా? నాకు సదువు రాకపాయె."

మా ఆయన గొంతు సవరించుకుని ఉత్సాహంగా చదివాడు. ప్రాచీన సమాధి, రక్షిత స్థలం, కంచె లోపలికి ప్రవేశం లేదు. కంచె లోపల ఎవరు తవ్వకం జరిపినా శిక్షార్హులు. చివరి మాటలకు వచ్చేసరికి ఆయన గొంతు తగ్గిపోయింది. నాకు అప్పటికే అర్థమైంది.

"ఎవలు తవ్వద్దు?" అని అడిగింది అత్త.

"ఎవ్వరూ తవ్వద్దట అత్తమ్మా."

"మనోళ్ళు గూడనా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను బోర్డు వైపు చూశాను.

అత్త తీగ పట్టుకున్న చేయి తీసేసి ఇంటి దారి పట్టింది. మేము వెనక నడిచాం. నాకు ఆ బోర్డును పీకి పారేయాలనిపించింది. పెద్దసారును, ఆయన కళ్ళజోడును, ఆ టోపీలన్నిటినీ తిట్టుకున్నాను. నన్ను కూడా తిట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆమె విస్తర్లు వేసి వడ్డించింది. నేను విస్తరి పక్కకు జరిపాను.

"అత్తా, నిజం చెప్పేస్త నేను. పోయి ఆఫీసుల చెప్త. పేపరోళ్ళకు చెప్త. ఏమన్న కానియ్యి."

"చెప్పు," అంది. "తెల్లారేవరకు రోడ్డు ఆయన రొమ్ము మీదికెల్లి పోతది. గంతేనా?"

మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"నేను తొవ్వ పొంటి నడుచుకుంట ఆలోచన చేసిన," అంది అత్త. "బొంద పెట్టాల్నంటె తవ్వాలె. తవ్వితె పట్టుకపోతరు. చల్లుడానికి ఏం తవ్వేది లేదు గద. నన్ను కాలబెట్టుర్రి. బూడిద తెచ్చి తీగ అవుతల నిలవడి ఎడమ పక్కకు ఇసురుర్రి. గాలి అటు కొట్టే రోజు చూస్కోర్రి."

ఆమె అగ్గికి ఎంత భయపడే మనిషో నాకు తెలుసు. తాలింపు చిటపటలాడితే గుమ్మం దాటి నిలబడేది. ఊళ్ళో వేరేవాళ్ళ చితి కాలుతుంటే ఆ దిక్కు తలుపు వేసుకునేది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉంది.

"మనోళ్ళల్ల ఇప్పటిదాంక ఎవ్వలు కాలలే గదత్తా," అన్నాను.

"నేను కాల్త తియ్," అని, మా ఆయన విస్తట్లో ఇంకో ముక్క వేసింది.